ఒకే కుర్చీలో ఇద్దరు

పొదిలిలో బొంతల రహమతున్నీసా ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. పాత చీరలు పట్టుకెళితే శుభ్రంగా బొంత కుట్టి ఇస్తుంది. తాను కుట్టిన బొంత చిరగదని, ఒకవేళ చిరిగితే ఆ తప్పు కప్పుకున్నవాళ్ళదేనని ఆవిడ వాదన. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. ఈవిడే ఒకప్పుడు కెమెరా సంచిలో వేసుకుని బస్సెక్కి, ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళకు ఫోటోలు తీసిందంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. నేను ఎదురింటిదాన్ని, ఆవిణ్ణి పిన్నీ అని పిలుస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకు తెలుసు. చెవులు కుట్టించిన రోజున నేను నోరంతా తెరిచి ఏడుస్తున్న ఫోటో ఆవిడ తీసిందే. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించి నా పరువు తీస్తుంటారు.

మొన్న వేసవిలో ఆవిడ కుడికంటికి శుక్లం తీయించాం. ఒంగోలు నేనే తీసుకెళ్ళాను. ఆవిడకు పిల్లలు నిలవలేదు, ఏమున్నా ఎదురింటి నేనే. ఇంటికొచ్చాక కదలకుండా పడుకోమని నెత్తీ నోరూ బాదుకుంటున్నా వినిపించుకోలేదు. నల్ల కళ్ళద్దాలతోనే మంచం కింది ట్రంకు పెట్టె లాగి, గుడ్డలో చుట్టిన ఫోటో తీసి, వాకిట్లో వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"కొత్త కన్నుతో కూడా తెలియట్లేదే జ్యోతీ. నువ్వు చూసి చెప్పు. మీ బాబాయి కోపంగా ఉన్నాడా, లేడా?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. గౌను తొడుక్కుని తిరిగే రోజుల్లో మొదటిసారి అడిగింది. ఇప్పుడు నాకు మనవలు. చెప్పడానికి నాకు మాత్రం ఏం తెలుస్తుంది? ఆ ఫోటోలో ఒక కుర్చీ ఉంది, కుర్చీలో ఒక మనిషి ఉన్నట్టు ఉంటుంది. దగ్గరగా చూస్తే ఇద్దరు. చీర కుచ్చిళ్ళలోంచి పంట్లాం కనబడుతుంది. పమిట మీద చొక్కా గుండీలున్నాయి. పిన్ని ముక్కుపుడక కింద ఆవిడ భర్త హుస్సేన్ బాబాయి మీసం. ఆయన పొట్టిమనిషి, ఇద్దరూ ఒకే ఎత్తు, అందువల్ల మొహం మీద మొహం అచ్చుగుద్దినట్టు పడింది. కళ్ళు ఎవరివో, పెదవులు ఎవరివో చెప్పలేం. బొమల మధ్య మాత్రం లోతుగా ఒక ముడి ఉంది.

"ముడి నాది. నేను ముడేసుకునే కూర్చున్నా, అది నాకు తెలుసు. ఆయనది కూడా అందులో కలిసిందా, లేక ఉన్నదంతా నాదేనా? అదొక్కటి తెలిస్తే చాలు నాకు" అంటుంది పిన్ని.

హుస్సేన్ బాబాయికి లోకంలో ఉన్న ఫోటో అదొక్కటే. తాలూకా మొత్తానికి ఫోటోలు తీసినవాడికి తనదంటూ ఇంకొకటి లేదు. దీపం కింద చీకటి అంటారే, అదే.

ఆ కెమెరా ఆయనకు కనిగిరిలో దొరికింది. మిషన్ బంగళాలో దొరగారు తమ దేశం వెళ్ళిపోతూ సామాను అమ్మేసినప్పుడు, అందరూ మంచాలూ బీరువాలూ బేరమాడుతుంటే ఈయన నల్ల తోలు పెట్టె ఒకటి పట్టుకుని సైకిలెక్కాడట. అప్పటికే అది ముసలి కెమెరా. మూసి ఉన్నప్పుడు చూస్తే కెమెరా అనుకోరు, లావుపాటి బైబిలు అనుకుంటారు. పక్కనున్న బొడిపె నొక్కితే ముందు తలుపు కిందికి వాలుతుంది. తలుపు లోపలివైపు చిన్న పట్టాలుంటాయి. ఫోటో తీసే అద్దాన్ని పట్టుకుని ఆ పట్టాల మీద టక్కుమనేదాకా ముందుకు లాగితే, దాని వెనకే నల్లటి తోలు తిత్తి మడతలు విప్పుకుంటూ వస్తుంది. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పని అయ్యాక మళ్ళీ అంతా లోపలికి తోసి తలుపు మూస్తే జేబులో పట్టేది, జేబు కాస్త పెద్దదైతే.

అద్దం చుట్టూ అడుగుల లెక్క రాసి ఉండేది. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కంటితో అంచనా కట్టి ఆ అంకెకు తిప్పుకోవాలి. ఫోటోలో ఏం పడుతుందో చూసుకోవడానికి ఓ మూల గోరంత అద్దం ఉండేది. అందులో కుడివాళ్ళు ఎడమకూ ఎడమవాళ్ళు కుడికీ కనబడతారు. వీపున గుండ్రటి ఎర్ర కిటికీ. ఫిలిం వెనక ఉన్న కాగితం మీద అంకెలుంటాయి, పక్కనున్న చిన్న పిడి, చెవి అంటారు దాన్ని, తిప్పుతుంటే అవి ఒక్కొక్కటే కిటికీలోకి వస్తాయి. రీలుకు ఎనిమిది బొమ్మలు. ఇది ఎన్నో బొమ్మో ఆ కిటికీ చెబుతుంది గాని, ఆ బొమ్మ తీసేశారా, ఇంకా తియ్యాలా అన్నది చెప్పదు. కాపురంలో చిచ్చు పెట్టింది అదే.

పిన్ని దర్శిలో దూదేకులవాళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు, అందువల్ల సూది పట్టడం ఆవిడకు ఒకరు నేర్పక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి బాబాయి ఫోటోలన్నిటి మీదా తెల్లటి మచ్చలు పడటం మొదలయింది. తిత్తి లోపల బ్యాటరీ లైటు పెట్టి చీకట్లో చూస్తే అది జల్లెడలా ఉందట. మడతల దగ్గర తోలు అరిగి చిల్లులు పడ్డాయి. కొత్త తిత్తి తేవాలంటే మద్రాసు పోవాలని ఆయన తల పట్టుకున్నాడు. పిన్ని పాత గొడుగు గుడ్డ కత్తిరించి, సైకిలు పంక్చర్లు వేసే బంకతో ఒక్కో మడతకూ అంటించింది. మందం పెరిగితే తలుపు మూసుకోదు, పలచబడితే వెలుతురు దూరుతుంది. ఆ కిటుకు ఆవిడ వేళ్ళకు తెలుసు. వెనక గది తలుపుకు రెండు బొంతలు వేలాడగట్టి ఫిలిం కడుక్కోవడానికి చీకటి గది కూడా ఆవిడే తయారుచేసింది. ఎండాకాలం ఆ గదిలోకి వెళ్ళి వచ్చిన మనిషి చెరువులో మునిగొచ్చినట్టు ఉండేవాడు.

కెమెరా పట్టడం కూడా బాబాయి ఆవిడకు నేర్పాడు. ఆయనకేదో పెద్ద మనసుండి కాదు, అవసరం. లోపలి ఆడవాళ్ళు పరాయి మగాడి ముందుకు రారు. వచ్చినా తల దించుకునేవాళ్ళు, ఫోటోలో పాపిడి తప్ప ఇంకేమీ పడేది కాదు. పిన్ని వెళితే నవ్వుతూ నిలబడేవాళ్ళు. పెళ్ళిళ్ళలో బయట మగవాళ్ళను ఆయన తీస్తే, లోపల ఆడవాళ్ళను ఈవిడ తీసేది. మనుషులిద్దరు, కెమెరా ఒకటి.

ఇక్కడే వచ్చింది తంటా. బాబాయిది ఒక అలవాటు. తలుపు తెరిచి తిత్తి లాగినప్పుడు లోపల గాలి కదిలి ఫిలిం వదులవుతుందని, తెరిచాకే, తీసేముందే చెవి తిప్పేవాడు. పిన్నిది ఇంకో అలవాటు. కుట్టు అయ్యాక ముడి వేసి గాని సూది పక్కన పెట్టని మనిషి కదా, ఫోటో తీసిన వెంటనే తిప్పేసేది. ఎవరి పద్ధతి వాళ్ళకు మంచిదే. ఆవిడ తీశాక ఆయన తీస్తే తిప్పినదాన్నే మళ్ళీ తిప్పి ఒక బొమ్మ ఖాళీగా పోయేది. ఆయన తీశాక ఆవిడ తీస్తే అసలు తిప్పకుండా బొమ్మ మీద బొమ్మ పడేది. అందుకని ఇద్దరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. కెమెరా చేతులు మారేటప్పుడు ఇచ్చేవాళ్ళు "తిప్పా" అనో "తిప్పలే" అనో చెప్పి తీరాలి. మేం పిల్లలం అది విని నవ్వుకునేవాళ్ళం. మా వీధిలో మంచినీళ్ళ చెంబు ఇస్తూ కూడా "తిప్పా" అనేవాళ్ళం.

ఒక యేడు వైశాఖంలో దర్శి దగ్గర ఒక మిరపరైతు ఇంట్లో పెళ్ళయింది. బాబాయి వాకిట్లో అలంకరించిన ఎద్దులను తీసి, ఎవరో భోజనానికి పిలిస్తే కెమెరా పిన్ని చేతిలో పెట్టి ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఈవిడా అడగలేదు. లోపలికెళ్ళి పెళ్ళికూతుర్ని తీసింది. కడిగి చూస్తే పెళ్ళికూతురి నెత్తిన జత ఎద్దులున్నాయి. పెళ్ళికూతురి నాయనమ్మ "మా పిల్ల మొహాన ఈ కొమ్ములేంది సాయిబూ?" అని వీధిలో నిలబెట్టి కడిగేసిందట.

ఇంటికొచ్చాక "నువ్వు అడగలేదు" అని ఆయన, "నువ్వు చెప్పలేదు" అని ఈవిడ. మాట పెరిగింది, ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి. మధ్యలో ఇంటి మేకకు వచ్చింది చావు. "ఒసే మేకా, అన్నం వడ్డించాను, తినేవాళ్ళు తినొచ్చని చెప్పవే" అని పిన్ని. "తర్వాత తింటానని చెప్పవే" అని బాబాయి. ఇదంతా మా అరుగు మీదికి వినిపించేది. మా అమ్మయితే మజ్జిగ చిలుకుతూ నవ్వు ఆపుకోలేక కవ్వం వదిలేసేది.

రాజీకి ముందు మెట్టు దిగింది బాబాయే. ఒక పొద్దున వాకిట్లో కుర్చీ వేశాడు, మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించాడు. రీలులో ఇంకో రెండు బొమ్మలు మిగిలి ఉన్నాయి. పెళ్ళయినప్పటినుంచీ తన ఫోటో తియ్యమని పిన్ని సతాయిస్తూనే ఉంది, ఎప్పుడూ ఎవరో అడిగినవాళ్ళకే రీలు అయిపోయేది. ఆ రోజు నోటితో పిలవకుండా గడ్డంతో కుర్చీ చూపించాడు. ఈవిడ వెళ్ళి కూర్చుంది. కూర్చుంది గాని బొమలు ముడేసుకునే కూర్చుంది. ముందు ఆయన పలకాలి కదా! ఆయన చెవి తిప్పి, ఫోటో తీసి, పక్కకు జరిగాడు. తర్వాత ఆయనే వచ్చి కుర్చీలో కూర్చుని, నువ్వు నన్ను తియ్యి అన్నట్టు చూశాడు.

"తిప్పలే" అన్న ఒక్క మాట ఆయన అనలేదు. అంటే ఓడిపోయినట్టే. ఈవిడ అడగలేదు, అడిగినా ఓడిపోయినట్టే. స్టాండు మీద ఉన్న కెమెరాయే కదా, చూసి తియ్యాల్సిన పని కూడా లేదు. పిన్ని మొహం గోడవైపు తిప్పుకుని మీట నొక్కేసింది. ఎప్పటిలా వెంటనే చెవి తిప్పింది. లోపలికి వెళ్ళిపోయింది.

బాబాయి కాసేపు అక్కడే కూర్చుని, తర్వాత సైకిలు తీశాడు. దర్శి దగ్గరి ఆ పెళ్ళివారింటికి వెళ్ళి, పిల్ల ఆషాఢానికి పుట్టింటికి వచ్చినప్పుడు మళ్ళీ ఫోటో తీసిస్తామని తప్పు ఒప్పుకుని బయల్దేరాడట. మజ్జిగ తాగి పొమ్మన్నా ఆగలేదని వాళ్ళే తర్వాత చెప్పారు. రోహిణి ఎండ. పత్తి కంప పీకేసిన చేలు రెండు పక్కలా, సర్కారు తుమ్మ తప్ప నీడ లేని రోడ్డు. దార్లో పడిపోయాడు. ఎవరో ఎడ్లబండి మీద వేసుకుని తెచ్చేటప్పటికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, తెలివి లేదు. వడదెబ్బ. సాయంత్రానికి ప్రాణం పోయింది. ఆయన పోయాడన్న మాట కన్నా, పోయేముందు తమ మధ్య ఒక్క మాట కూడా లేదన్న మాటే తలుచుకుని పిన్ని గుండెలు బాదుకుంది. అంత చిన్న తగువుకు అంత పెద్ద శిక్ష ఏమిటని నాకు ఇప్పటికీ దేవుడి మీద ఒళ్ళు మండుతుంది.

భర్త పోయిన ఆడమనిషి గడప దాటకుండా ఉండాల్సిన గడువు, వాళ్ళు ఇద్దత్తు అంటారు, అదంతా పిన్ని గోడకు చేరబడి కూర్చునే గడిపింది. ఆ కెమెరాలో రీలు అలాగే ఉంది. గడువు తీరాక బొంతలు కట్టిన గదిలోకి వెళ్ళి తానే కడిగింది. ఆయన మొహం ఇంకోసారి చూస్తానన్న ఆశతో వెళ్ళింది. చివరి బొమ్మ ఖాళీ. దాని ముందు బొమ్మలో ఇద్దరూ ఉన్నారు. ఆవిడ మొహమే ఆయన మొహానికి అడ్డం.

తర్వాత చాలా ఏళ్ళు ఆ కెమెరాయే ఆవిడకు అన్నం పెట్టింది. మిరపకోతల కాలంలో కల్లాల దగ్గరికి పోయేది. కళ్ళలో కారం ఘాటుకు నీళ్ళు కారుతున్నా కూలి ఆడవాళ్ళు జుట్టు సర్దుకుని వరసగా నిలబడేవాళ్ళు. ఒక్కో ఫోటో తీసి చెవి తిప్పి, "తిప్పా" అనేది పైకి, పక్కన ఎవరూ లేకపోయినా. వాళ్ళు మొహాలు చూసుకునేవాళ్ళు. నేను ఒకసారి అడిగాను, ఎవరికి చెబుతున్నావు పిన్నీ అని. "చెప్పకపోతే ఏమయిందో చూశావుగా" అంది. రంగుల ఫోటోలొచ్చాక, ఆ రకం ఫిలిం దొరకడం మానేశాక, కెమెరా మూసి పెట్టెలో పెట్టి బొంతల దగ్గరికి తిరిగొచ్చింది. ఫోటో మాత్రం అప్పుడప్పుడూ తీసి చూస్తూనే ఉంది. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తినవాళ్ళను గుమ్మంలోంచే పంపించేసింది. "మొదటాయన ఏ మొహంతో పోయాడో తేలందే రెండో ఆయన మొహం ఎలా చూడమంటారు?" అనేది.

ఆపరేషనయిన కన్ను కుదుటపడ్డాక ఒక పొద్దున్నే చీర మార్చుకుని మా గుమ్మంలో నిలబడింది.

"బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు వేసే అబ్బాయి కంప్యూటర్లో పాత ఫోటోలు బాగుచేస్తాడంటగా. పద."

లక్ష్మీకాంత్ మంచి కుర్రాడు. పుట్టినరోజులకూ చావులకూ ఒకే వేగంతో ఫ్లెక్సీలు వేసిస్తాడు. పిన్ని ఫోటో చేతికిస్తే రెండు చేతులా పట్టుకుని యంత్రంలో పెట్టాడు. తెర మీద ఆ మొహం చేటంత అయింది. పిన్ని కళ్ళద్దాలు సవరించుకుంటూ లేచి తెర దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఆ ముడి ఎవరిది నాయనా?"

"రెండూ కలిసిపోయాయమ్మా. చెప్పలేం. ఉండండి, మిమ్మల్ని తీసేసి ఆయన్నొక్కణ్ణీ ఉంచుతా."

కాసేపు టకటకా ఏవో నొక్కాడు. తెర మీద పిన్ని చీర పోయింది, ముక్కుపుడక పోయింది, మీసంతో ఒక మనిషి మిగిలాడు. చొక్కా గుండీలు కూడా చక్కగా పెట్టింది ఆ కంప్యూటరు. హుస్సేన్ బాబాయిలాగే ఉన్నాడు. పైగా నవ్వుతున్నాడు.

"పిన్నీ, చూశావా? నవ్వుతున్నాడు" అన్నాను.

ఆవిడ కదలకుండా చూస్తోంది. రెప్ప కూడా వెయ్యలేదు. లక్ష్మీకాంత్ పాపం మంచికే అడిగాడు.

"నవ్వుతున్నట్టు బాగుందా అమ్మా? కాస్త సీరియస్‌గా కావాలన్నా పెట్టిస్తా. రెండూ వస్తాయి."

"రెండూ వస్తాయా?"

"ఏది చెబితే అది వేస్తుందమ్మా. అడుగున ఏముందో దానికి తెలియదు కదా, ఊహించి వేస్తుంది."

"అయితే దానికీ తెలియదన్నమాట" అంది పిన్ని. మెల్లగా వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆ నవ్వు తెర మీద అలాగే ఉంది. నాకు దాన్ని చూస్తుంటే కోపం వచ్చింది, పరాయివాడి నవ్వు తెచ్చి మావాడి మొహానికి అతికించినట్టు. లక్ష్మీకాంత్ చిన్నబుచ్చుకున్నాడు.

"ఏమనుకోకండమ్మా. ఆ రోజు అదే కుర్చీలో అలాగే కూర్చున్న మీ ఒక్కరి ఫోటో ఉంటే, ఇందులోంచి దాన్ని తీసేసేవాణ్ణి. మిగిలేది అచ్చంగా ఆయనే. ఇక ఊహతో పనుండదు. అది లేదుగా."

"ఉంటే నిజంగా వస్తుందా?"

"వస్తుందమ్మా."

"అయితే తియ్యి."

"ఏం తియ్యమంటారమ్మా?"

"నా ఫోటో. అప్పుడెలా కూర్చున్నానో అలాగే కూర్చుంటా. చేతులు ఎక్కడున్నాయో, మొహం ఎలా పెట్టానో అన్నీ నాకు తెలుసు. ఇప్పుడు నీ దగ్గర ముసలితనం తీసేసే యంత్రాలు కూడా ఉన్నాయటగా."

లక్ష్మీకాంత్ నావైపు చూశాడు. జరిగే పని కాదని నాకూ తెలుసు. అయినా తల ఊపాను. అతను లేచి నీలం తెర ముందు కుర్చీ వేశాడు, లైట్లు వెలిగించాడు.

పిన్ని కళ్ళద్దాలు తీసి నా చేతికిచ్చింది. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. ఒడిలో ఎడమచెయ్యి మీద కుడిచెయ్యి పెట్టుకుంది. గడ్డం కొంచెం పైకెత్తింది. పెదవులు బిగించింది. కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, తెరిచి, బొమలు దగ్గరికి లాగింది.

లక్ష్మీకాంత్ కెమెరా ఎత్తాడు. ముడి విడిపోయింది.

"ఉండు నాయనా."

మళ్ళీ లాగింది. ఈసారి పెదవులు వణికి, వాటితోపాటే నుదురు సాఫీ అయిపోయింది. చేతులు సర్దుకుంది, గడ్డం సర్దుకుంది, మళ్ళీ ప్రయత్నించింది. అతను ఓపిగ్గా ఎత్తిన కెమెరా ఎత్తినట్టే పట్టుకున్నాడు.

"పిన్నీ, కోపం తెచ్చుకో" అన్నాను.

"తెచ్చుకుంటున్నానే" అంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "రావట్లేదే జ్యోతీ. ఎంత తెచ్చుకుందామన్నా ఆయన మీద కోపం రావట్లేదు."